కాసిడీహ్ సిరాబుడ్డి

గత సంచికలో దీపావళి మతాబుల రంగులను గురించి ఈ శీర్షికలో వ్రాసినప్పుడు, ఆకుపచ్చకు బేరియం లవణాలు, ఎరుపుకు స్ట్రాన్షియం లవణాలు కారణమని చెప్పి ఉన్నాను. అది చదివి మన కాలనీ పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక సంపాదకవర్గానికి ఉత్తరం వ్రాసింది. "మతాబుకు లోహం కారణమైతే సిరాకు ఏది కారణం? సిరా ఎక్కడ పుడుతుంది? దానిని ఇంట్లో చేసుకోవచ్చునా?" అన్నవి ఆమె ప్రశ్నలు. బాల్‌పెన్నుల కాలంలో పుట్టిన పిల్లకు ఈ సందేహం కలగడమే నాకు సంతోషం. పుస్తకాలు తిరగవేయడానికి ముందే ఈ ప్రశ్నకు సమాధానంగా నాకు కాసిడీహ్ గుర్తుకు వచ్చింది.

కాసిడీహ్ జంషెడ్‌పూర్‌లో సాక్చీ బజారుకు దగ్గరగా ఉన్న పేట. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు సంస్థ సాక్చీ అనే పల్లె వద్ద కర్మాగారం కట్టి 1911 డిసెంబరులో తొలి ఇనుమును, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మెను తీసింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఆనాడు బీహారులోను, 2000 నవంబరు నుండి జార్ఖండ్‌లోను ఉన్న ఆ నగరానికి నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వేలాదిగా మనవాళ్ళు ఖరగ్‌పూర్ మీదుగా రైలెక్కి వెళ్ళారు. మా మాతామహులు వారిలో ఒకరు. ఐదవ తరగతితో చదువు ఆగిపోయినా ఆయన దస్తూరి మాత్రం ముత్యాల కోవ.

ఆ దస్తూరి మూలంగా ఆదివారాలు ఆయనవి కాకుండా పోయాయి. ఉదయం కాఫీ కాగానే కాసిడీహ్ ఇంటి వరండాలో చాప పరచేవారు. చదువురాని మన ప్రాంతపు కార్మికులు పోస్టుకార్డులు, మనియార్డరు ఫారాలు పట్టుకొని వచ్చి కూర్చునేవారు. "ఉభయకుశలోపరి" వరకు తాతగారి సొంతం. ఆపైన వాళ్ళు చెప్పినది చెప్పినట్లు. ప్రతి ఉత్తరానికి సారాంశం తన చిట్టాలో ఎక్కించేవారు. వ్రాయించినవారి పేరు, ఊరు, తేదీ, పంపిన సొమ్ము, ముఖ్యమైన ఒకటి రెండు మాటలు. 1944 నుండి 1961 వరకు ఉన్న ఆ చిట్టాలో 1957 ఏప్రిల్ రాగానే అణాలు మాయమై నయాపైసలు ప్రత్యక్షమవుతాయి.

మొదట్లో ఆయన కూడా అందరివలెనే బజారులో దొరికే సిరా బిళ్ళను నీటిలో కరిగించి వ్రాసేవారు. ఒక వానాకాలంలో టెక్కలి వైపు వెళ్ళిన కార్డు తడిసిపోయి, అందులో సొమ్ము ఎంత అన్నది చెరిగిపోయింది. మనియార్డరు చేరేలోపలే ఇంట్లో అనుమానాలు బయలుదేరాయి. ఆ కార్మికుడు ఎవరికో సగం పంచుతున్నాడని వదినగారు, లేదని తల్లి. ఆ తగవు సర్దడానికి మరి మూడు కార్డులు వ్రాయవలసి వచ్చిందట. "అక్షరం నీళ్ళలో పోతే మనిషి మాట పోయినట్లే" అని తాతగారు సిరా బిళ్ళలను మానివేసి, సొంతంగా సిరా కాచడం మొదలుపెట్టారని మా అమ్మ చెప్పేది.

ఆ సిరా పాకం చిట్టా మొదటి పుటలోనే ఉంది. "హర్రా తొమ్మిది తులాలు, హీరాకసీసు మూడు తులాలు, బబూల్ గోందు రెండు తులాలు, నీరు ఒక శేరు." లిపి తెలుగు, పేర్లు హిందీ. సాక్చీ బజారులో కొన్న సరుకులను అక్కడి పేర్లతోనే వ్రాసుకున్నారు. నాకు ఇవేమిటో చాలాకాలం అర్థం కాలేదు. చివరకు మా అత్తయ్య నవ్వి విడమరచి చెప్పింది. హర్రా అంటే కరక్కాయ. హీరాకసీసు అంటే అన్నభేది. బబూల్ గోందు మన తుమ్మబంక. ఈ మూడింటిలో దేనికీ ఆమె వంటింటి గడప దాటవలసిన పని లేదు. మొదటిది దగ్గుకు, రెండవది వైద్యానికి, మూడవది చిరిగిన పుస్తకాలకు ఇంట్లో ఉండేవే.

ఇక శాస్త్రం. ఎండిన కరక్కాయలో నూటికి ముప్పై పాళ్ళకు అటూఇటూగా టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అన్నభేది ఇనుముకు, గంధకామ్లానికి పుట్టిన లవణం, అనగా ఫెర్రస్ సల్ఫేటు. రెండింటి ద్రావణాలు కలిపినప్పుడు లేత బూడిదరంగు నీరే వస్తుంది. ఆ నీటితో వ్రాస్తే అక్షరం పాలిపోయి కనబడుతుంది. కాని అది కాగితపు పీచులోనికి ఇంకి, గాలిలోని ప్రాణవాయువు సోకి, గంటగంటకు నలుపెక్కుతుంది. అప్పుడు ఏర్పడే ఫెర్రిక్ టానేటు నీటిలో కరగదు. కార్డు తడిసినా అక్షరం చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే. తుమ్మబంక చేసే పని, సిరాకు చిక్కదనం ఇచ్చి, నల్లని రేణువులు అడుగున పేరుకోకుండా పట్టి ఉంచడం.

ఇది మన గృహిణులకు తెలియని రసాయనం కాదు. పచ్చి అరటికాయను ఇనుప కత్తిపీట మీద తరిగితే కాయా, కత్తీ, చేతులూ నల్లబడతాయి. జుట్టు నలుపు కోసం ఉసిరిక పొడిని ఇనుప మూకుడులోనే నానబెట్టాలని పెద్దవాళ్ళు పట్టుబట్టడం ఇందుకే. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రను టీతో మింగవద్దని డాక్టర్లు హెచ్చరించడం కూడా ఇందుకే. టీలోని టానిన్ కడుపులోనే ఇనుమును పట్టేసుకుంటుంది. రక్తానికి అందేది తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి మన కాలనీ ఆడపడుచులు గుర్తుంచుకుంటే ఈ వ్యాసం వ్రాసినందుకు నాకు ఫలితం దక్కినట్లే.

యూరపులో కరక్కాయకు బదులు ఓక్ చెట్ల కొమ్మలపై పురుగు కాటుకు లేచే బుడిపెలను వాడారు. మన మూలికల దుకాణాలలో మాచికాయ అనే పేరుతో అమ్మేది ఆ జాతిదే. విలియం లూయిస్ అనే ఆంగ్లేయుడు రకరకాల పాళ్ళలో సిరాలు చేసి, వ్రాసిన కాగితాలను ఎండలో పెట్టి పరీక్షించి, మూడు పాళ్ళు మాచికాయకు ఒక పాలు అన్నభేది ఉంటే సిరా ఎక్కువకాలం నిలుస్తుందని 1763లో ప్రకటించాడు. తాతగారి తొమ్మిది తులాలకు మూడు తులాలు సరిగ్గా ఆ లెక్కే. లూయిస్ పేరు ఆయన విని ఉండరు. ఎవరో చెప్పిన లెక్క అయి ఉండాలి. లేదా ఆయన కూడా పోస్టుకార్డులను ఎండలో పెట్టి చూసి ఉండాలి.

తెలుగువారికి ఈ నలుపు కాగితం కంటె ముందు గుడ్డ మీద పరిచయం. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు మొదట నేతగుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. వేరొక కుండలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారాలు పులియబెడతారు. దానిని కసిం అంటారు. వెదురు కలాన్ని కసింలో ముంచి గుడ్డపై గీత గీయగానే, గుడ్డలో ముందే ఉన్న కరక్కాయ వగరుతో ఇనుము కలిసి గీత నల్లగా తేలుతుంది. సిరాబుడ్డిలో జరగవలసిన పని గుడ్డ మీదనే జరుగుతుందన్నమాట. రాముడి కోదండానికీ, పోస్టుకార్డు మీది పదిహేను రూపాయలకూ నలుపు ఒకటే.

సిరా అంతా ఇనుము నుండే వచ్చిందని మాత్రం అనుకోరాదు. అంతకు పూర్వపుది మసి సిరా. ఆముదపు దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టడం ఎరుగని తెలుగు ఇల్లు ఉండేది కాదు. ఆ మసికి బంకనీరు చేర్చితే అది కంటికి కాక కలానికి పనికివస్తుంది. మసి శుద్ధమైన కర్బనం గనుక ఎన్ని ఎండలు తగిలినా వెలవదు. అయితే అది కాగితం పైననే కూర్చుంటుంది, తడిగుడ్డతో తుడిస్తే లేచి వస్తుంది. తాటాకు గ్రంథాలలో మనవారు ఈ చిక్కును వేరొక దారిన తప్పించుకున్నారు. గంటంతో ఆకును గీరి, ఆ తరువాత మసిలో నూనెగాని ఆకుపసరుగాని కలిపి పైన రుద్ది తుడిచేవారు. గాట్లలో దిగిన నలుపు అక్షరమయ్యేది. అక్కడ రాత ముందు, సిరా తరువాత.

మూడవది రంగు సిరా. మా చిన్నతనంలో బచ్చలి పండ్లు చిదిమి ఊదా సిరా చేసి, నోటుపుస్తకం నిండా వ్రాసి, నాలుగు రోజులకు అది వెలిసిపోతే బెంగపడేవాళ్ళం. బజారు సిరాలకు ఆ రంగు బొగ్గు నుండి వచ్చింది. 1856లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ క్వినైన్ చేయబోయి, తారు నుండి తీసిన అనిలీన్‌లో ఊదారంగు కనిపెట్టాడు. ఆ దారినే వచ్చిన కృత్రిమ రంగులు సిరా బిళ్ళలలోను, సీసా సిరాలలోను చేరాయి. కోక్ ఓవెన్లలో పనిచేసే మన మిత్రులకు తారు ఎక్కడ దిగుతుందో నేను చెప్పనక్కరలేదు. రోలింగు మిల్లులవారికి పిక్లింగు తెలుసు. ఉక్కు రేకుల పైపొరను గంధకామ్లంతో కడిగే పాతపద్ధతిలో మిగిలిన నీటిని చల్లారిస్తే ఆకుపచ్చని స్ఫటికాలుగా పేరుకునేది అన్నభేదియే. మసి, ఇనుము, తారు, మూడు సిరాల ముడిసరుకూ ఉక్కు ఊరిలోనే ఉందని, కరక్కాయ చెట్లు కూడా ఆ చుట్టుపట్ల సింగ్‌భూమ్ అడవులలోనే ఉన్నాయని తెలిసినప్పుడు, తాతగారు సిరా కాచడానికి సరైన ఊరే చేరుకున్నారని నాకు అనిపించింది.

స్వదేశీ రోజులలో సిరా కూడా ఉద్యమంలో భాగమైంది. రాజమహేంద్రవరంలో కోసూరి రత్నంగారు స్వదేశీ కలం తయారుచేయగా, బెంగాలులో మైత్రా సోదరులు 1934లో సులేఖ సిరా ప్రారంభించారు. తరువాతి తరం వ్రాసినది ఎక్కువగా ఇటువంటి సీసా సిరాలతోనే. ఓటరు వేలిపై పెట్టే గుర్తు సంగతి వేరు. అందులో ఉన్నది వెండి లవణం, సిల్వర్ నైట్రేటు. వెలుతురు సోకగానే చర్మంపై నల్లబడుతుంది. 1962 సార్వత్రిక ఎన్నికల నుండి దానిని సరఫరా చేస్తూ వచ్చిన మైసూరు సంస్థ కూడా ప్రభుత్వరంగ సంస్థయే.

తిరిగి చిట్టా వద్దకు వస్తాను. 2009లో కాసిడీహ్ ఇంటికి మరమ్మతులు చేయిస్తూ మా మామయ్య దానిని నా చేతికి ఇచ్చాడు. అక్షరాలు గోధుమరంగుకు తిరిగినా ఒక్కటీ చెరగలేదు. అపురూపమైన వస్తువు గదా అని నేను దానిని పాలిథిన్ సంచిలో చుట్టి, గట్టిగా మూతి కట్టి, విశాఖలో మా ఇంటి బీరువాలో భద్రపరచాను. భద్రపరచానని అనుకున్నాను.

2019లో ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. ఆమె తండ్రి కాసిడీహ్‌లో తాతగారి చేత ఉత్తరాలు వ్రాయించినవారు. ఆమెకు ఆరేళ్ళ వయసులో ఆయన అక్కడే పోయారు. ఫొటో లేదు, సంతకం లేదు, ఆయన పేరున్న కాగితం ఒక్కటీ ఇంట్లో లేదు. చిట్టా సంగతి ఎవరి ద్వారానో విని, ఆ పేరు ఒకసారి కంటితో చూసి పోదామని వచ్చారు. ఊరు, ఏడు చెప్పారు. 1947 ఆషాఢం పుటలు తీశాను. కాగితం పెటపెటమని చిన్న చప్పుడు చేసింది. పుట తిరగగానే గోధుమరంగు పొడి నా ఒడిలో రాలింది.

పేరు ఉండవలసిన చోట కన్నం ఉంది. తాతగారికి ఒక అలవాటు. పేర్లు ప్రస్ఫుటంగా కనబడాలని వాటిని రెండవసారి దిద్దేవారు. రెట్టింపు సిరా పడిన చోటల్లా కాగితం కొరికినట్లు పోయింది. పుట పొడవునా పేర్లు లేవు. ఊర్లు, తేదీలు, రూపాయలు ఉన్నాయి.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ కొంతసేపు ఆ పుటనే చూసి, "మా నాయన పేరు నాకు తెలుసు నాయనా. ఆ మిగతాది చదువు" అన్నారు. చదివాను. "ఊడ్పులకు ఇరవై రూపాయలు. అమ్మకు కళ్ళమందు మానవద్దు. చిన్నదానికి పరికిణీ గుడ్డ కొన్నాను, వచ్చే మనిషి చేత పంపుతాను." ఆ చిన్నది తానేనని ఆమె చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది.

ఆ రోజు నుండి నేను ఈ విషయం పట్టుకుని చదివాను. కాగితాన్ని పట్టుకుని వదలని గుణమే ఈ సిరాకు దోషం కూడా. అన్నభేది, టానిన్ కలిసేటప్పుడు కొంత గంధకామ్లం విడుదలై కాగితపు పీచును తెంపుతుంది. టానిన్‌తో కలవక మిగిలిపోయిన ఇనుము, తేమ దొరికినప్పుడల్లా ఆ పీచును లోలోపల ప్రాణవాయువుతో తినిపిస్తూనే ఉంటుంది. పురాతన కలంకారీ వస్త్రాలలో మిగతా రంగులన్నీ నిలిచి నల్లగీతలున్న చోట గుడ్డ చివికిపోవడం కూడా ఈ ఇనుము పనియే. చిట్టా విషయంలో ఆ తేమను నేనే సమకూర్చాను. సముద్రపు గాలి ఊరిలో మూతికట్టిన పాలిథిన్ సంచి చిన్న ఆవిరిగది వంటిది. కాసిడీహ్‌లో చెక్కపెట్టెలో అరవై ఏళ్ళు నిలిచిన పుటలు నా సంరక్షణలో పదేళ్ళకు రాలిపోయాయి.

దీనికి వైద్యం ఉంది. 1990ల దశకంలో నెదర్లాండ్స్‌లో రూపొందిన కాల్షియం ఫైటేటు పద్ధతిలో, తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లం ఆధారంగా చేసిన ద్రావణంతో మిగులు ఇనుమును కట్టివేస్తారు. ఆమ్లాన్ని వేరొక ద్రావణం విరుస్తుంది. అది నిపుణులు చేయవలసిన పని. ఇంట్లో నీరు తగిలిస్తే ఇనుము పుటంతా పాకి చేటు ఎక్కువవుతుంది. మన ఇళ్ళలో తాతలనాటి దస్తావేజులు, జాతకాలు, భూమి పత్రాలు చాలామంది దగ్గర ఉన్నాయి. గోధుమరంగు తిరిగిన నలుపు కనబడితే అది ఇనుప సిరా అని అనుమానించండి. ముందుగా రెండువైపులా ఫొటోలు తీయండి. ఆమ్లరహితమైన మందపు కాగితపు మడతలో పెట్టి, పైన ఉతికిన నూలుగుడ్డ చుట్టి, గోడకు ఆనని పొడిచోట ఉంచండి. లామినేషన్ చేయించకండి. వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్కును తరువాత ఏ నిపుణుడూ క్షేమంగా విడదీయలేడు. మా చిట్టా ఇప్పుడు కాగితపు మడతలలో ఉంది. మిగిలిన పుటల ఫొటోలు నేను, మామయ్య కూతురు కలిసి తీశాము. ఊరు, తేదీ, సొమ్ము ఆధారంగా పేర్లు తిరిగి పూరించగలమేమోనని అక్కడి పాత కుటుంబాలను విచారిస్తున్నాము. ఇంతవరకు పదకొండు పేర్లు దొరికాయి.

ఇక చిరంజీవి ఎనిమిదవ తరగతి విద్యార్థినికి. సిరాను ఇంట్లో తప్పక చేయవచ్చును, పెద్దవాళ్ళను పక్కన ఉంచుకుని చేయాలి. ముప్పై గ్రాముల కరక్కాయల గింజ తీసివేసి, పెచ్చులను నలగ్గొట్టి, మూడువందల మిల్లీలీటర్ల నీటిలో ఒక రాత్రి నానవేయాలి. మరునాడు స్టీలు గిన్నెలో సన్నని సెగపై నీరు సగమయ్యేవరకు కాచి, గుడ్డతో వడకట్టాలి. చల్లారిన తరువాత పది గ్రాముల అన్నభేది, ఐదారు గ్రాముల తుమ్మబంక పొడి కలిపి కరిగేవరకు తిప్పాలి. బూజు పట్టకుండా రెండు లవంగాలు వేయవచ్చు. ఆ గిన్నెను తిరిగి వంటకు వాడవద్దు. అన్నభేది నోట పెట్టుకోరాదు, తమ్ముళ్ళకు అందనివ్వరాదు. బట్టల మీద పడితే ఆరకముందే నిమ్మరసం, ఉప్పు రుద్దితే చాలావరకు పోతుంది. ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకు. మడ్డి చేరి పెన్ను పాడవుతుంది. ముంచి వ్రాసే పాళీ చాలు. తాజా సిరా లేతగా కనబడుతుంది, కంగారుపడి అక్షరాలను రెండవసారి దిద్దకు. తెల్లవారేసరికి అదే నల్లబడుతుంది.